ముక్కు ముందా, ట్రిగ్గర్ ముందా

హైదరాబాద్ పడమటి వైపు లేస్తున్న ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో క్లబ్‌హౌస్ చెక్కపని అంతా ఒక పెద్ద మేస్త్రి పట్టుకున్నాడు. సగం జీవితం సుత్తె, ఉలితో గడిపి ఈమధ్యే గాలి గన్నులకు మారినవాడు. ఆ అపార్ట్‌మెంట్లు కడుతున్న కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్ ఆయన సొంత మేనల్లుడు. చుట్టరికం వల్ల పేచీ తగ్గలేదు సరికదా, మొహమాటం లేకుండా ఒకరినొకరు దులిపేసుకునే వీలు దొరికింది. పేచీ మొలలు కొట్టే గన్ను మీద. నా మొగ్గు చాలావరకు అల్లుడి వైపు. ఎక్కడ కాదో చదివితే తెలుస్తుంది.

మామ: ఏంది అల్లుడా, పొద్దుగాల్నే నా గన్ను పట్టుకపోయి ఆఫీసుల పెట్టినవంట. పోరలు చేతులు ముడుచుకొని కూసున్నరు. వాళ్ల కూలి నువ్విస్తవా?

అల్లుడు: గన్ను ముక్కుకు బైండింగ్ వైరు చుట్టి ఉన్నది మామా. ముక్కు ఎప్పటికీ లోపలికి నొక్కుకొనే ఉండేటట్టు కట్టేసిండ్రు. అట్లుంటే ట్రిగ్గర్ మీద వేలు పడంగనే ఎదురుంగ చెక్క ఉన్నా, మనిషి ఉన్నా మొల పోతది. ఎవరు కట్టిండ్రో చెప్పు.

మామ: నేనే కట్టమన్న. మెట్ల కింద ఆ ఇరుకు మూలకు ముక్కు మొత్తం ఆనదు. ఆనకుంటే మొల పడది. వైరు కడితే ఎటు పెట్టినా పడుతది. పోయిన సైట్ల గుడ గట్లనే చేసినం, ఒక్కనికి గీత పడలే.

ఈ ముక్కు సంగతి తెలియకపోతే తక్కిన గొడవ అర్థం కాదు. కంప్రెసర్ నుంచి పైపులో వచ్చిన గాలి గన్ను లోపలి పిస్టన్‌ను ఒక్కసారిగా కిందికి తోస్తుంది. పిస్టన్‌కు ఉన్న ఇనప బద్ద వరసలో ముందున్న మొల నెత్తిన కొడుతుంది. ఒకే దెబ్బకు రెండంగుళాల మొల తలదాకా దిగిపోతుంది. గన్ను కొసన స్ప్రింగు మీద ముందుకూ వెనక్కూ కదిలే ఒక ముక్క ఉంటుంది. దాన్నే మేస్త్రులు ముక్కు అంటారు. అది చెక్కకు ఆని లోపలికి నొక్కుకుంటే తప్ప ట్రిగ్గర్ లాగినా గన్ను పేలదు. వైరు చుట్టారంటే ఆ ఒక్క అడ్డూ తీసేసినట్టే.

అల్లుడు: ఇరుకు మూలల గన్ను ఆనకుంటే ఆడ సుత్తె తీస్కో. లేకుంటే స్క్రూ బిగియ్యి. నీ అంత సుత్తె పనోడు ఈ సైట్ల ఎవడున్నడు?

మామ: పొగిడి పని చేయించుకుంటున్నవ్. సరే, వైరు తీపిస్త. గది ఒప్పుకుంట. కానీ నువ్వు ఆడితోని ఆగలేదు గద, గన్నుల ట్రిగ్గర్లు గుడ మార్చాలె అని కాయితం పంపినవ్. ట్రిగ్గర్ ఏం పాపం చేసింది?

అల్లుడు: నీ గన్నుకున్నది కాంటాక్ట్ ట్రిగ్గర్. బంప్ ట్రిగ్గర్ గుడ అంటరు. వేలుతోని ట్రిగ్గర్ నొక్కి పట్టుకొని, గన్నును చెక్క మీద తాకిచ్చుకుంట పోతే తాకినప్పుడల్లా ఒక మొల పడుతది. ఏది ముందు, ఏది వెనుక అని దానికి లెక్క లేదు. నేను పెట్టుమన్నది సీక్వెన్షియల్ ట్రిగ్గర్. ముందు ముక్కు ఆనాలె, తర్వాత ట్రిగ్గర్ లాగాలె. రెండూ వదిలిపెడితేనే ఇంకో మొల పడుతది. వరస తప్పితే గన్ను పలకది.

మామ: అంటే మొల మొలకూ ఆగుకుంట, లాగుకుంట, వదులుకుంట. గప్పుడు గన్ను ఎందుకు, సుత్తె చాలు.

అల్లుడు: నిన్న డెక్కు కాడ నిలవడి చూసిన మామా. ఆ చిన్న పోరడు పైన్‌వుడ్ రాఫ్టర్ మీద కొడుతున్నడు. ఒక కాడ కణుపు వచ్చింది. మొల దిగలే, గన్ను ఎగిరింది. ఎగిరినంక వాని చెయ్యి అలవాటుకొద్ది మళ్ల కిందికి నొక్కింది. వేలు ట్రిగ్గర్ మీదనే ఉన్నది. ముక్కు ఇంకోసారి తాకింది, ఇంకో మొల పేలింది. మొదటి మొల తల మీద పడి పక్కకు లేచి రేలింగ్‌కు కొట్టుకున్నది. రెండో మొల వాడు కొట్టలే, గన్నే కొట్టింది. వాని ఎడమ చెయ్యి దానికి జానెడు దూరంల ఉన్నది.

మామ: నేను జూడలే.

అల్లుడు: వాడు గుడ సరిగ్గ చూడలే. మొల ఒకటి ఎక్కువ పడ్డదని నవ్విండు.

అల్లుడు చెప్పింది సైట్లలో రోజూ జరిగేదే. గన్ను తన్నుడుకు పైకి లేచి తిరిగి తాకితే పడే ఈ రెండో మొలే చాలా దెబ్బలకు మూలం. ఇందులో చేసినవాడి అజాగ్రత్త వెతికితే దొరకదు. గన్ను ఎగిరితే చెయ్యి దాన్ని అదుముతుంది. అది ఆలోచించి చేసే పని కాదు.

మామ: సరే, మరి చెయ్యి జానెడు దూరంల ఎందుకు పెట్టిండు? నేనైతే మూరెడు దూరం పెట్టమని మొదటి రోజే చెప్త.

అల్లుడు: మూరెడు మంచి లెక్కనే. అమెరికోళ్ల పుస్తకాల గుడ కనీసం అడుగు దూరం ఉండాలనే రాసిండ్రు. కానీ నాలుగించుల ముక్కను పట్టుకొని కొట్టాలంటే అడుగు దూరం ఎక్కడికెళ్లి వస్తది? క్లాంప్ పెట్టాలె. నీ తాన క్లాంపులు ఎన్ని ఉన్నయి?

మామ: ఉన్నయి రెండు. సరే సరే, కొంట. అమెరికా అంటున్నవు గద, నీ చెల్లె డాలస్ కాడ ఇల్లు కొన్నది. కట్టేటప్పుడు వీడియో కాల్‌ల చూపించింది. ఇల్లంత కట్టెనే. గోడలకు టకటకటక గన్నుతోని కొడుతనే ఉన్నరు. ఒక్కడు గుడ ఆగి లాగి కొడ్తలేడు. అంత పెద్ద దేశం కాడ లేని బాధ నీకేంది?

అల్లుడు: బాధ ఉన్నది కాబట్టే లెక్కలు తీసిండ్రు. 2001 నుంచి 2005 దాక చూస్తే, ఈ గన్నుల దెబ్బలతోని ఆడి ఎమర్జెన్సీలకు ఏడాదికి సగటున 37 వేల మంది పోయిండ్రంట. ఇండ్లల్ల సొంతంగ పని చేసుకునేటోళ్లు గుడ అందులనే ఉన్నరు. డ్యూక్ యూనివర్సిటీల హెస్టర్ లిప్స్‌కోంబ్ అనే ఆమె సెయింట్ లూయిస్ దిక్కు పని నేర్చుకుంటున్న వడ్రంగి పోరల మీద ఏండ్ల తరబడి పరిశోధన చేసింది. ఇండ్లు కట్టేటి పోరల్ల నాలుగేండ్లల్ల ప్రతి అయిదుగురికి ఇద్దరు మొల దెబ్బ తిన్నోళ్లే. టకటక కొట్టే ట్రిగ్గర్ తోటి దెబ్బలు రెండో దానికంటె రెండింతలు. 2011ల ఆడి ప్రభుత్వమే కాంట్రాక్టర్లకు పుస్తకం అచ్చేసింది, సీక్వెన్షియల్ పెట్టుకోండ్రి అని.

మామ: పెట్టుకోండ్రి అన్నరా, పెట్టాలె అన్నరా?

అల్లుడు: పెట్టుకుంటె మంచిది అన్నరు. చట్టం చెయ్యలే.

మామ: గందుకే మరి వీడియోల టకటక కొడుతున్నరు. వాళ్లకు తెలిసి గుడ ఒదులుకోలే. ఎందుకంటవు? పని తొందరగ అయితది.

అల్లుడు: ఎంత తొందరగ అయితదో గుడ చూసిండ్రు మామా. మంచి అనుభవం ఉన్న వడ్రంగులు పదిమందిని పెట్టి, రెండు తీర్ల ట్రిగ్గర్లతోని చిన్న చిన్న షెడ్లు కట్టిచ్చిండ్రు. మొలలు కొట్టే టైము టకటక గన్నుతోని నూటికి పది తగ్గింది. కానీ కొలుచుడు, కోసుడు, నిలవెట్టుడు అన్నీ కలిపి మొత్తం పని చూస్తే మిగిలింది నూటికి ఒకటి గుడ లేదు. గన్ను కన్న గన్ను పట్టినోని పనితనం తోనే ఎక్కువ తేడా వచ్చింది.

మామ: చూసినవా, నేను చెప్పేది గదే! పనితనం. నువ్వు ట్రిగ్గర్ అంటవు, నేను చెయ్యి అంట. పని వచ్చినోని చెయ్యి కట్టెను చదువుతది. కణుపు ఏడున్నదో, నార ఎటు పోతదో వానికి తెలుస్తది. గన్ను అంటె భయముంటది. నువ్వు తాళమేసిన గన్నిస్తే ఆ భయం పోతది. ఏమైతది తియ్యి, ముక్కు ఆనకుంటే పేలది గద అని తొడ మీద పెట్టుకొని కూసుంటడు.

(ఈ మాటకు అల్లుడు కాసేపు జవాబియ్యలేదు. భయమే కాపాడుతుందన్నది మన పనివాళ్లలో బాగా నాటుకున్న నమ్మకం, అందులో కొంత నిజమూ ఉంది.)

అల్లుడు: నీ చెయ్యి చదువుతది మామా, కాదన్న. పొద్దుగాల తొమ్మిదింటికి చదివినట్టే సాయంత్రం ఆరింటికి గుడ చదువుతదా? భోజనం చేసినంక, ఎండల, నిచ్చెన మీద ఒక కాలు పెట్టి పైకి చెయ్యి చాపి కొట్టేటప్పుడు? భయం గుడ అలసిపోతది. ఆ పొద్దు నీ కొత్త పోరడు నిచ్చెన దిగుతున్నడు, ఒక చేతుల గన్ను, వేలు ట్రిగ్గర్ మీద. కింద హెల్పర్ వంగి ముక్కలు ఏరుతున్నడు. వానికి భయం లేదని కాదు, దిగే తొందరల వేలు ఏడున్నదో యాదికి లేదు. ముక్కు ఆ హెల్పర్ వీపుకు తాకితే చాలు. అదే సీక్వెన్షియల్ అయితే తాకినా పేలది. ముక్కు తాకకముందే ట్రిగ్గర్ నొక్కి ఉన్నది గద.

మామ: వేలు తీసి పట్టుమని వందసార్లు చెప్పిన.

అల్లుడు: వందసార్లు చెప్పినా పడలేదంటే చెప్పుడు చాలదన్నట్టే గద.

మామ: నువ్వు మాటలు నేర్చినవ్ గాని పనిల ఒకటి అడుగుత, చెప్పు. మొల ఇరుక్కున్నది, గన్ను జామ్ అయింది. ముందు ఏం చెయ్యాలె?

అల్లుడు: పైపు తియ్యాలె. గాలి బంద్ చేసి, పైపు తీసి, అప్పుడు ముక్కు విప్పాలె.

మామ: పైపు తీసినంక గన్నుల గాలి ఉంటదా, పోతదా?

అల్లుడు: పోతది.

మామ: గిదే, పుస్తకాల లేనిది. గన్ను దిక్కు ఏ ముక్క బిగిచ్చినవో గదాని మీద ఉంటది. గన్నుకు మగ ముక్క పెట్టాలె, తెరిచి ఉండే బొక్క ముక్క. పైపు గుంజంగనే గన్నులున్న గాలంత బుస్సున పోతది. తెలియనోడు తిప్పి పెడుతడు. లోపల వాల్వు ఉన్న కప్లింగ్ తెచ్చి గన్నుకు బిగిస్తడు. పైపు తీస్తే అది మూసుకుంటది, గాలి గన్నులనే ఉండిపోతది. పైపు లేదు గద అని ముక్కు విప్పి వేలు పెడుతడు. ఒక్క మొలకు సరిపడ గాలి లోపలనే ఉన్నది. నిన్న మీ సివిల్ గ్యాంగు తెచ్చిన రెండు గన్నులు గట్లనే ఉన్నయి. నా వైరు కనవడ్డది గాని నీకు అది కనవళ్లే.

అల్లుడు: ... ఇయ్యాలనే మార్పిస్త.

మామ: ఇంకోటి. గాలి ఏడు కేజీలు, ఎనిమిది కేజీలు పెట్టుకొని మురుస్తరు. మొల దిగేదానికి ఎంత కావాల్నో అంతే పెట్టాలె. రద్దీ చెక్క మీద కొట్టి చూసి తగ్గించుకుంట రావాలె. ప్లైవుడ్ పలుచగ ఉంటె ఎక్కువ గాలికి మొల అవతలికి పోతది. అవతల ఎవడన్న పట్టుకొని ఉంటె వాని అరచేతులనే.

గాలి విషయంలో మేస్త్రిదే పైచేయి. అల్లుడు కాగితం తీసి రాసుకున్నాడు కూడా. కళ్లద్దాల మీద ఇద్దరికీ తగువు లేదు. మొల తీగ ముక్క, చెక్క పేడు ఏదైనా కంటికి ఎగరవచ్చు. పక్కలు మూసుకుపోయిన అద్దాలు ప్రతివాడికీ ఉండాలని ఒక్క మాటలో తేల్చుకున్నారు. చెవుల సంగతి మేస్త్రి తీసెయ్యబోయాడు గాని, మొల దెబ్బ ఒకటి, గాలి వదిలే చప్పుడు ఒకటి, రెండూ కలిసి మూసిన గదిలో ఎంత మోగుతాయో ఆయనకే బాగా తెలుసు. ఈమధ్య ఫోన్ చెవికి గట్టిగా ఒత్తుకొని మాట్లాడుతున్నాడు.

అల్లుడు: మొల ఒంట్ల దిగితే మీరేం చేస్తరు?

మామ: పిన్నైతే ఏముంది, కటింగ్ ప్లయర్‌తోని గుంజి, పసుపో డెట్టాలో పెట్టి గుడ్డ చుడుతం.

అల్లుడు: గదే వద్దు. ఈ మొలలు వరసగ అంటిచ్చి ఉంటయి. కొట్టేటప్పుడు ఆ తీగ ముక్కలు, జిగురు, ప్లాస్టిక్ పొట్టు మొలకు ముళ్లలెక్క నిలుస్తయి. వెనక్కి గుంజితే లోపల నరాన్నో, కండరాన్నో చీరుకుంట వస్తయి. పైన చూస్తే సూది గుచ్చినంత, లోపల కీలు దాక పోయుంటది. కదలకుండ పట్టి దవాఖానకు పోవాలె, ఎక్స్‌రే తియ్యాలె, టెటనస్ ఇంజెక్షన్ చేయించాలె. ఆ గన్నుల దెబ్బలల్ల సగానికి పైన చేతులు, వేళ్లే. అందుల నాలుగో వంతుకు లోపల ఎముకకో, నరానికో, కీలుకో దెబ్బ ఉంటదంట.

మామ: దవాఖాన అంటే ఆ రోజు కూలి పాయె. వాడే గుంజేసుకుంటడు, నాకు చెప్పడు గుడ.

అల్లుడు: నీకు చెప్తే నష్టం నీ మీదికి వస్తదని. నష్టపరిహారం చట్టంల పట్టిక ఉన్నది మామా. బొటనవేలు పోతే సంపాదించే శక్తి నూటికి 30 పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14. ఒక కన్ను పోతే, రెండోది మంచిగుంటే 40. అదే చట్టంల ఇంకో మాట రాసి ఉన్నది. అడ్డు పెట్టిన సామాను అని తెలిసీ పనోడు కావాల్నని తీసేస్తే, సచ్చిపోతెనో, జన్మకు పనికిరాకుండ అయితెనో తప్ప, ఓనర్ ఇయ్యాల్సిన పని లేదు. రేపు వాని వేలు పోతే ఓనర్ వకీలు ఏమంటడు? ముక్కుకు వైరు కట్టింది వాడే అంటడు. నువ్వు కట్టమన్నవని ఆ పోరడు చెప్పగలుగుతడా?

మామ: నేను గట్ల అననిస్తనా?

అల్లుడు: నువ్వు అననియ్యవు. నీ పైన ఉన్నోళ్లు?

మామ: ఆఁ, నీ నోట్లకెల్లే వచ్చింది. నా పైన ఉన్నోళ్లు ఎవరు? మీ కంపెనీ. ఇగ నేను అడుగుత. క్లబ్‌హౌస్ పైకప్పుకు ఫాల్స్ సీలింగ్ వేస్తున్న గ్యాంగు ఉన్నది గద, పొడుగు కర్ర కొసకు పెట్టి మందు మొల కొడుతరు. నాది గాలి గన్ను, అది తుపాకి మందు మీద పేలేది. ఎవనికన్న ట్రైనింగ్ ఇచ్చిండ్రా? మొన్న ఆ గ్యాంగు పోరడు స్లాబ్‌కు కాకుండ పక్క గోడకు కొట్టిండు. గోడ ఏఏసీ బ్లాకు. అటు దిక్కు నా మనుషులు పని చేస్తున్నరు. మొల ఇటు కొస కనవడ్డది. మీ కంపెనీ ఆ గన్ను పట్టుకపోలే.

అల్లుడు: నాకు తెల్వదు మామా. తెలిస్తే ఆపేటోన్ని. మెత్తటి గోడకు మందు మొల కొట్టొద్దు, అది నిజమే. స్లాబ్‌ల గుడ కరెంటు పైపులు ఎటు పోయినయో చూసుకొని కొట్టాలె. ఇనుప కడ్డీకి తగిలితే మొల తిరిగి వస్తది.

మామ: తెల్వదు అంటున్నవు. వాళ్లు మీ డైరెక్ట్ కాంట్రాక్టు, నేను చుట్టాన్ని. చుట్టాన్ని పట్టుకుంటే ఎవరూ ఏమనరు. సరే, అది పక్కన పెట్టు. టెండర్ కాడ నువ్వు లేవు గాని నేనున్న. చదరపు అడుగుకు ఇంత అని గీసి గీసి తగ్గిచ్చిండ్రు. క్లాంపులకు ఎంత, కొత్త ట్రిగ్గర్లకు ఎంత, పోరలను ఒకరోజు కూసోబెట్టి నేర్పితే ఆ కూలి ఎంత, ఆ కాయితంల ఏడ లేదు. నా కింద పోరలకు గుడ నేను చదరపు అడుగు లెక్కనే ఇస్త. వాడు ఆగి కొడితే వాని పైసలే తగ్గుతయి. నువ్వేమో నూటికి ఒకటే తేడా అంటున్నవు. ఆ ఒకటి ఎవని జేబులకెల్లి పోవాలె? టకటక కొట్టుమని నేను చెప్పలే, ఆ రేటు చెప్పింది.

అల్లుడు: రేటు నేను పెట్టలే మామా.

మామ: తెలుసు. గందుకే నీతోని ఇంతసేపు మాట్లాడుతున్న.

ఇక్కడ అల్లుడికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. గోడల నిండా జాగ్రత్త బోర్డులు కొట్టించే కంపెనీలు బిల్లులో మాత్రం జాగ్రత్తకు ఒక్క వరుస కూడా రాయవు. చదరపు అడుగు లెక్కన కూలి ఇచ్చినంత కాలం ఎంత మంచి ట్రిగ్గర్ పెట్టినా దానికి వైరు చుట్టే చెయ్యి ఒకటి పుడుతూనే ఉంటుంది.

అల్లుడు: ఒక పని చేద్దాం. కొత్త పోరలు పట్టే గన్నులకు ముందుగాల సీక్వెన్షియల్ వేద్దాం. పాతోళ్లు కింద పరిచిన డెక్కు షీట్ల మీద, చదునుగ ఉన్న కాడ మాత్రమే నీ టకటక గన్ను వాడాలె. నిచ్చెన మీద, మూలల కాడ, పైకి చెయ్యి చాపే కాడ వద్దు. గన్నులు కలిసిపోకుండ రంగు వేద్దాం. నేర్పే రోజు కూలి, ట్రిగ్గర్ల ఖర్చు వేరే బిల్లు పెట్టు, నేను పాస్ చేయించే ప్రయత్నం చేస్త.

మామ: ప్రయత్నం అంటే నాకు తెల్వది. కాయితం మీద రాసియ్యి. ఆ మందు మొలలోళ్ల పేరు గుడ రాయి, వాళ్లను గుడ కూసోబెట్టి నేర్పాలె.

అల్లుడు: రాస్త. సంతకం మాత్రం ప్రాజెక్ట్ మేనేజర్ది కావాలె, నాది చెల్లది.

మామ: అయితే నడువు, ఇద్దరం పోదం. పైసల సంగతి నువ్వు చెప్పు. ట్రిగ్గర్ల తేడా ఏందో ఆయనకు నేను చెప్త, నువ్వు చెప్తే పాఠం లెక్క ఉంటది.